మూడో ఆదివారం

ఎలీషబాను పెండ్లి చేసుకుంటామని ముగ్గురు మగవాళ్ళు అడిగారు. ఆ ముగ్గురిలో ఒకడు మా నాయన. అందుకని ఈ కథ చెప్పే హక్కు మా పాలెంలో అందరికంటే నాకే ఎక్కువని నా నమ్మకం. ఆమె మా నాయనకు ఔనని ఉంటే నాకు తల్లి అయ్యేది. కాలేదు. ఆ కోపం నాకు చాలా ఏళ్ళు ఉండింది. ఇప్పుడు ఆమె మీద లేదు గాని, మిగతావాళ్ళ మీద ఇంకా కొంత మిగిలే ఉంది. దాన్ని దాచుకోవడం నాకు చేతకాదు.

మాది కంభం చెరువు కింద చిన్న పాలెం. ముప్పై గడపలు, అందరమూ క్రైస్తవులమే, అందరమూ రెడ్ల మళ్ళలో కూలి చేసుకునేవాళ్ళమే. మట్టిగోడల గుడి ఒకటి ఉండేది. వారంలో ఐదు రోజులు అదే బడి, ఆదివారం అదే గుడి. పాస్టరయ్య నెలకొకసారి కంభం నుంచి వచ్చిపోయేవాడు. మిగిలిన ఆదివారాలు ప్రార్థన జరిపేది, మాకు అక్షరాలు దిద్దించేది ఏబేలు పంతులు ఒక్కడే.

ఎలీషబా కోటయ్య తాత కూతురు. తల్లి చెరువు కింది చలిజ్వరాలకు పోయింది. కోటయ్య తాతకు ఒక కాలు సరిగా రాదు. అందుకని పందొమ్మిదేళ్ళకే ఆ పిల్ల నాట్ల ముఠాకు పెద్ద అయింది. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆమె వెనక వరసలో వంగేవాళ్ళు. పాట ఆమె ఎత్తుకుంటే చేతులు అవే నడిచేవి. రెడ్డి గట్టు మీద నిలబడి తొందరపెడితే, "అయ్యా, నువ్వు దిగి రెండు పిడికిళ్ళు నాటు, మేం నీ వెనక వస్తాం" అనేది. రెడ్డి నవ్వుకుని పోయేవాడు. ఇంకెవరన్నా ఆ మాట అంటే మర్నాడు కూలి ఉండేది కాదు.

ముందుగా అడిగింది మా నాయనే. పేరు సత్యానందం. మా అమ్మ పోయి ఏడాది అయింది. నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడికి నాలుగు. మా నాయన చాలా మంచివాడు, పెండ్లి అడగడం మాత్రం బొత్తిగా రాదు. మా ఇద్దరికీ తలకు ఆముదం పట్టించి, తిరణాలకు పోతున్నట్టు చెరొక చేయి పట్టుకుని కోటయ్య తాత వాకిట్లోకి నడిపించాడు. ఎలీషబా జొన్నలు విసురుతూ ఉంది. విసుర్రాయి ఆపలేదు.

"ఎలీషబా, పిల్లలకు తల్లి కావాల. నాకు ఇంత వండిపెట్టే మనిషి కావాల. నేను తాగను. చెయ్యి చేసుకోను. మాగాణి కౌలుకు వచ్చింది. నీకిష్టమైతే పాస్టరయ్యతో చెప్తా" అన్నాడు నాయన, ఒక్క ఊపిరిలో.

విసుర్రాయి అప్పుడు ఆగింది. "మామా, నువ్వు పిల్లలకేం కావాల్నో చెప్పినావు, నీకేం కావాల్నో చెప్పినావు. నాకేం కావాల్నో అడగనే లేదు గదా?"

మా నాయన మా చేతులు వదిలేశాడు. "నీకేం కావాల?" అని అడిగాడు చివరకు.

"నాకూ తెలవదు మామా" అని ఆమె నవ్వి, మా తమ్ముడి చేతిలో బెల్లం ముక్క పెట్టి పంపించింది. నేను దారి పొడుగునా ఏడ్చాను. నాయన ఏడవలేదు. రెండు నెలలు ఆగి అర్ధవీడు నుంచి చెంచమ్మను చేసుకున్నాడు. మా చిన్నమ్మ మంచిదే, నాకు కొరతేమీ చేయలేదు. కాని నేను ఎదురుచూసిన మనిషి ఆమె కాదు.

రెండోవాడు ఏబేలు పంతులు. అతని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సన్నటి మనిషి, ఉతికిన తెల్లచొక్కా, కంఠం మాత్రం గుడి దాటి వీధి చివరిదాకా వినపడేది. బైబులు చదివితే ముసలివాళ్ళు కునుకు మానుకుని వినేవాళ్ళు. పాలెంలో ఎవరికి జాబు వచ్చినా అతనే చదవాలి, ఎవరికి జవాబు పోవాలన్నా అతనే రాయాలి. ఎవరి కొడుకు ఎక్కడ అరెస్టయ్యాడో, ఎవరి కూతురు అత్తింట్లో ఎన్ని దెబ్బలు తింటోందో, అన్నీ అతనికి తెలుసు. ఒక్క మాట బయటికి వచ్చేది కాదు. ఒకసారి చెన్నయ్య తాత తమ్ముడు చచ్చిపోయాడని జాబు వస్తే, చెన్నయ్య తాత ఇంటికి వచ్చి వినేదాకా అతని పెండ్లానికి కూడా చెప్పలేదు. జాబు పేరు గలవాడిది, చదివేవాడిది కాదు అనేవాడు. అందుకే మా వాళ్ళు అతన్ని అంతగా నమ్మారు. పక్క పల్లెలవాళ్ళు కూడా తమ ఊళ్ళో చదివేవాళ్ళను కాదని మా పంతులు దగ్గరకే జాబులు పట్టుకొచ్చేవాళ్ళు.

సొంత మాట దగ్గరికి వచ్చేసరికి ఆ కంఠం ఏమైపోయేదో దేవుడికే తెలియాలి. ఎలీషబా కోసం మార్కాపురం నుంచి ఒక కొత్త పలక తెచ్చాడు. దాని మీద ఆమె పేరు రాసి, బావి దగ్గర ఆమె చేతిలో పెట్టి, ఏదో గొణిగాడు. నీళ్ళు చేదుతున్న ఆడవాళ్ళందరూ చేదలు ఆపి చెవులు రిక్కించారు. ఎవరికీ వినపడలేదు.

"ఏంది పంతులూ? ఆదివారం పూట వీధి చివరిదాకా వినపడతాది గదా నీ గొంతు!" అంది ఎలీషబా.

"అవి బైబులు మాటలు" అన్నాడు అతను. "నాకు సొంత మాటలు రావు."

ఆమెకు జాలి వేసింది. ఆ పలక ఇంటికి తీసుకుపోయి గూట్లో పెట్టుకుంది, పేరు చెరపలేదు. కాదని చెప్పలేదు, ఔననీ చెప్పలేదు. పంతులు మళ్ళీ అడగలేదు. రోజూ బడి వదిలాక కోటయ్య తాత ఇంటి ముందు నుంచి మెల్లగా నడిచిపోయేవాడు, అంతే. అట్లా ఒక ఏడాది నడిచాడు.

మూడోవాడు సంజీవరావు. మొదటి పెద్ద యుద్ధంలో కూలి పటాలంతో సముద్రం దాటి బస్రా పోయి వచ్చాడట. రైలు కట్ట మీద పనిచేసే గ్యాంగుకు మేస్త్రి. ఎత్తయిన మనిషి, ఖాకీ నిక్కరు, చేతికి గడియారం. ఆ గడియారం చూడడానికే పిల్లలం అతని వెంట పడేవాళ్ళం. "టైమెంతయింది మేస్త్రీ?" అంటే చెయ్యి ఎత్తి చూసుకుని, పొద్దును బట్టి ఏదో ఒకటి చెప్పేవాడు. అది ఎప్పుడు చూసినా నాలుగూ పది దగ్గరే ఆగి ఉండేదని పాలెంలో ఒక్క ఏబేలు పంతులుకే తెలుసు. ఎందుకంటే గడియారం చదవడం వచ్చినవాడు అతనొక్కడే. ఆ సంగతి కూడా అతను ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు నాట్లు అయిపోయిన ఆదివారం మధ్యాహ్నం సంజీవరావు రైలు పట్టాల మీద నడిచే ట్రాలీ ఒకటి తెచ్చి, నాట్ల ముఠా ఆడపిల్లలను ఎక్కమన్నాడు. అది తేవడానికి అతనికి అధికారం లేదు, ఆ సంగతి మాకేం తెలుసు? నలుగురు ఎక్కారు. గ్యాంగువాళ్ళు ఇద్దరు వెనక నుంచి తోశారు. వాగు మీది వంతెన దాకా పోయి వచ్చారు. ఎలీషబా ముందు కూర్చుంది. కొంగు ఎగిరిపోతుంటే పండ్లతో పట్టుకుందట. తిరిగి వచ్చి దిగినప్పుడు ఆమె మొహం నేను చూశాను. అట్లాంటి మొహం నేను మళ్ళీ చూడలేదు.

నాకు పదిహేనేళ్ళు వచ్చాక ఒకసారి అడిగాను, అతనిలో ఏం చూశావని. "నాటు వేసేటోళ్ళు వెనక్కి నడుస్తారు గదే" అంది ఎలీషబా. "పొద్దుగూకులూ వెనక్కి, బురదలో. పన్నెండో ఏటి నుంచి నేను అట్లనే నడిచినా. ఆ పొద్దు ముందుకు పోయినాను. గాలి మొహానికి కొట్టింది. అంతేనే పిచ్చిదానా, ఇంకేం లేదు."

ఇదీ సంగతి. మా నాయన ఇల్లు ఇస్తానన్నాడు. పంతులు పలక ఇచ్చాడు. ఈయనగారు గాలి ఇచ్చాడు. ఇరవై ఏళ్ళ పిల్లను తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

ఆ వారంలోనే సంజీవరావు అడిగాడు, ఎలీషబా ఔనంది. కోటయ్య తాత కాదనలేదు. "నీ బతుకు నీది బిడ్డా" అన్నాడు. కోతలు అయినాక పెండ్లి అనుకున్నారు. మా సంఘంలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదవాలి. పలానా పురుషునికి, పలానా స్త్రీకి వివాహము జరగబోతున్నది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపవలసింది అని. మూడోసారి చదివినప్పుడు మా గుడిలో ఒక పద్ధతి ఉండేది. చదివినవాడు పుస్తకం మూసి, రెండు చేతులూ బల్ల మీద పెట్టి ఊరకే నిలబడాలి. కీర్తనలు ఎత్తుకునే చెన్నయ్య తాత కీర్తన ఎత్తుకునేదాకా ఎవరైనా లేచి చెప్పవచ్చు. కీర్తన మొదలయిందంటే ఇక చెప్పడానికి లేదు. ఆ కాసేపు పిల్లలం దగ్గడానికి కూడా భయపడేవాళ్ళం.

ప్రకటన చదవవలసింది ఏబేలు పంతులే. మొదటి ఆదివారం చదివాడు. రెండో ఆదివారం చదివాడు. కంఠం వణకలేదు. బయటికి వచ్చాక ఆడవాళ్ళు "పాపం" అనుకున్నారు.

రెండో ఆదివారానికి, మూడో ఆదివారానికి మధ్య ఏం జరిగిందో మాకెవరికీ తెలియదు. చాలా ఏళ్ళకు పంతులే నాతో చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

గురువారం నాడు సంజీవరావు బడికి ఒక జాబు పట్టుకుని వచ్చాడు. గడియారమే కాదు, అక్షరం కూడా అతనికి రాదు. పిల్లలను బయటికి పంపి పంతులు చదివాడు. ద్రోణాచలం రైల్వే గుడిసెల నుంచి, "మీ పెండ్లాము మగ్దలీనమ్మ వ్రాయించునది" అని ఉంది. బిడ్డ నడుస్తోందనీ, మీరు పోయి రెండేండ్లయిందనీ, కంభంలో ఉన్నారని గ్యాంగువాళ్ళు చెప్పగా రాయిస్తున్నాననీ ఉంది. పంతులు చదవడం ఆపి తల ఎత్తాడు.

సంజీవరావు బెదరలేదు. "జవాబు రాయి పంతులూ" అన్నాడు. "ఎండాకాలం పోయినాక వస్తానని రాయి. దిగులు పడొద్దని రాయి."

"మరి ఎలీషబా?" అన్నాడట పంతులు.

"అది నీ జాబులో లేదు గదా? ఉన్నది చదువు, చెప్పింది రాయి. నువ్వు జాబు సంగతులు బయట పెట్టేటోడివి కావని పదూళ్ళు చెప్పుకుంటాండారు." సంజీవరావు నవ్వి, ఇంకొక మాట అన్నాడు. "చెప్పినావే అనుకో, ఎవరు నమ్ముతారు? అది నిన్ను కాదనింది, నన్ను ఔననింది. కడుపుమంటతో చెప్పినాడంటారు. అదీ అట్లనే అనుకుంటాది."

పంతులు రాశాడు. చెప్పింది చెప్పినట్టు, తన గుండ్రటి అక్షరాలతో రాశాడు. తేదీ వేశాడు.

శనివారం నాడు కంభం దాకా నడిచిపోయాడు, పాస్టరయ్యకు చెబుదామని. పాస్టరయ్య వెలిగండ్ల వైపు పల్లెలు చూడడానికి పోయాడు, వారం దాకా రాడన్నారు. "పాస్టరయ్య లేడని తెలిసినాక నాకు దిగులు కావాల గదా సంతోషమ్మా? కాలేదు. ఊపిరి వచ్చినట్టయింది" అని నాతో అన్నాడు పంతులు. ఆ ఒక్క మాట దాచుకోకుండా చెప్పినందుకు అతని మీద నా కోపంలో సగం తగ్గించుకున్నాను. మిగతా సగం తగ్గదు. కోటయ్య తాత చెవిలో వేసినా సరిపోయేది. బావి దగ్గర ఏ ఆడమనిషితో అన్నా సరిపోయేది. ముప్పై గడపల పాలెంలో ఒక్క మనిషే దొరకలేదా?

మూడో ఆదివారం వచ్చింది. నేను ఆడవాళ్ళ చాపల మీద ఎలీషబా పక్కనే కూర్చున్నాను. ఆమె కొత్త చీర కట్టుకుంది. సంజీవరావు మగవాళ్ళ వైపు ముందు వరసలో గడియారం కనబడేట్టు మోకాలి మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు. పంతులు చదివాడు. "ఎవరికైనా అభ్యంతరము ఉన్నయెడల" అనే దగ్గర అతని కంఠం ఆగిపోయింది. మళ్ళీ మొదటి నుంచి ఆ వాక్యం చదివాడు. పుస్తకం మూశాడు. రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

అతని పెదవులు కదిలాయి. అది మేమందరమూ చూశాం. చెమట చొక్కా మీదికి కారింది. గుడిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు ఎందుకో, లేదా తెలుసనుకున్నాం. ప్రేమించిన పిల్ల పెండ్లి తన నోటితో తనే చదవవలసి వచ్చిందని, పాపం తట్టుకోలేకపోతున్నాడని. నా వెనక ఎవరో ముక్కు చీదుకున్నారు. ఎలీషబా అతని వంక ఒక్కసారి చూసి, తల దించుకుంది. పంతులు నోరు తెరిచాడు.

చెన్నయ్య తాతకు ఇక చూడబుద్ధి కాలేదు. కుర్రవాడు నలుగురిలో నలిగిపోతున్నాడు, ఎంతసేపు నిలబెడతాం అనుకుని, మామూలుగా ఆగేదాంట్లో సగం కూడా ఆగకుండా కీర్తన ఎత్తుకున్నాడు. అందరమూ అందుకున్నాం. నేనూ గట్టిగా పాడాను.

పెండ్లి అయింది. ఎలీషబా గిద్దలూరు స్టేషను దగ్గర గ్యాంగు గుడిసెలకు కాపురం పోయింది. ఆరు నెలలు బాగానే ఉందన్నారు. నాట్ల కాలానికి కూలికి రాలేదు, కడుపుతో ఉందని కబురు వచ్చింది.

చినుకులు పడుతున్న ఒక మధ్యాహ్నం మేము బడిలో ఎక్కాలు చదువుతున్నాం. వాకిట్లో ఎలీషబా వచ్చి నిలబడింది. ఆమె వెనక ఇంకొక ఆడమనిషి, చంకలో మూడేండ్ల ఆడపిల్ల. ఇద్దరూ రైలు దిగి కంభం నుంచి వానలో నడిచి వచ్చారు. పిల్ల మీద ఎలీషబా కొంగు కప్పి ఉంది.

"పంతులూ, ఈమె మగ్దలీనమ్మంట. ద్రోణాచలం" అంది ఎలీషబా. ఆమె కంఠం నాటు పాట ఎత్తుకునేముందు ఉన్నంత నిదానంగా ఉంది. "మా ఇంటాయన తన మొగుడంటాంది. గుడిలో పెండ్లి అయిన కాయితం ఉందంటాంది. గిద్దలూరులో స్టేషను మాస్టరు చదువుతానన్నాడు. నేను వద్దన్నా. మా పంతులు చదివితేనే నమ్ముతానన్నా. చదువు."

పంతులు పిల్లలను బయటికి పొమ్మనలేదు. మరిచిపోయాడనుకుంటాను. కాగితం తీసుకుని చదివాడు. పేర్లు, ఊరు, సంవత్సరం, సాక్షులు, పాస్టరు సంతకం. ఎలీషబా వింటున్నంతసేపూ కడుపు మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"నిజమైనదేనా?"

"నిజమైనదే."

ఆమె తల ఊపింది. అప్పుడు మగ్దలీనమ్మ మూటలో నుంచి ఇంకొక కాగితం తీసింది. ఆ తల్లికి ఏ పాపమూ తెలియదు. "నేను అబద్ధం చెప్పలేదు చెల్లే. వస్తానని ఆయనే జాబు రాయించినాడు. ఇదో, ఇది గూడా చదివించుకో. ఎవరు రాసినారో గాని, అక్షరాలు ముత్యాల మాదిరి ఉన్నాయని మా ఊళ్ళో చదివినాయన అన్నాడు."

పంతులు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. మేం బల్ల ముందే ఉన్నాం. ఆ అక్షరాలు మాకు కొత్తవి కావు, రోజూ మేం దిద్దుకునేవే. నా పక్కనున్న పిల్ల "మన పంతులు రాత" అని పైకే అనేసింది.

"చదువు పంతులూ" అంది ఎలీషబా.

అతను చదివాడు. "కంభము నుండి సంజీవరావు వ్రాయించునది. నీవు దిగులు పడవద్దు. ఎండాకాలము పోయిన పిదప వచ్చి నిన్నును బిడ్డను తీసుకొని పోగలను." ఆ కంఠం అప్పుడు మొదటి వరసకు కూడా సరిగా వినపడలేదు.

"తేదీ ఉంటాది గదా జాబుకు?"

"ఉంది."

"మూడో ఆదివారానికి ముందా, వెనకా?"

వాన పెద్దదయింది.

"ముందు" అన్నాడు.

ఎలీషబా అరుస్తుందని నేను అనుకున్నాను. అరిచి ఉంటే బాగుండేది. ఆమె బల్ల దగ్గరికి వచ్చి, రెండు కాగితాలూ అతని చేతిలో నుంచి తీసుకుని, మగ్దలీనమ్మకు ఇచ్చింది. "ఆ పొద్దు నువ్వు ఆగిపోతే, నా కోసం కుములుతాండావనుకున్నా పంతులూ" అంది. "నీ మీద జాలిపడి తల దించుకున్నా. ఎత్తి చూసుంటే తెలిసేదేమో."

ఆ తరువాతవి త్వరగా చెప్పేస్తాను, చెప్పడం నాకు ఇష్టం లేదు. సంజీవరావు ఇద్దరికీ దొరకలేదు. రంగూను పడవ ఎక్కాడన్నారు. మగ్దలీనమ్మ తన బిడ్డతో ద్రోణాచలం పోయింది. ఎలీషబాకు ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టి మూడు రోజులు బతికింది. పాతిపెట్టే దగ్గర పంతులు పుస్తకం తెచ్చాడు. ఎలీషబా వద్దంది. కోటయ్య తాత కుంటుకుంటూ గుంత దగ్గరికి పోయి, అక్షరం రాని నోటితో, "అయ్యా, ఇంత చిన్నదాన్ని పంపిస్తాండాం, చూసుకో" అని ప్రార్థన చేశాడు. మా నాయన పార పట్టాడు.

మా సంఘం పెద్దలు ఏం చేశారో తెలుసా? విచారణ తేలేదాకా అని చెప్పి ఎలీషబాను ఏడాది పాటు గుడిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్లకు దూరం పెట్టారు. పెండ్లయిన మగవాడితో కాపురం చేసిందట! పంతులును మాత్రం ఏమీ అనలేదు. జాబు గుట్టు దాచడం తప్పెట్లా అవుతుందన్నారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

ఏడాది తరువాత ఆ పెండ్లి చెల్లదని పాస్టరయ్య కాగితం తెచ్చాడు. ఆ సాయంత్రమే ఏబేలు పంతులు కోటయ్య తాత వాకిట్లోకి వచ్చాడు. నేను అక్కడ చింతకాయలు కొడుతున్నాను. ఈసారి గొణగలేదు. "ఎలీషబా, నన్ను పెండ్లి చేసుకో. నేను చేసిన తప్పు నా బతుకంతా మోస్తా" అన్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి విన్నారు.

ఎలీషబా గూట్లో నుంచి పలక తెచ్చింది. పేరు ఇంకా చెరగలేదు. దాన్ని అతని చేతిలో పెట్టింది.

"ఇప్పుడు బాగా వినపడతాండాది పంతులూ నీ గొంతు" అంది. ఆమె కండ్లలో నీళ్ళు తిరిగాయి. "ఆ పొద్దు ఇందులో సగం వినపడినా చాలుండె. ఎవరు నమ్మినా నమ్మకపోయినా నేను నమ్మేదాన్ని. నీ నోట్లో నుంచి అబద్ధం రాదని నాకు తెలుసు. నీకే తెలవలేదు."

అతను పలక పట్టుకుని పోయాడు. మళ్ళీ ఎవరినీ పెండ్లి అడగలేదు. ఆమెనూ తరువాత ఎవరూ అడగలేదు. ఎలీషబా మళ్ళీ నాట్ల ముఠా పెద్ద అయింది. పాట మాత్రం వేరేవాళ్ళు ఎత్తుకునేవాళ్ళు.

అట్లా ఇరవై ఏండ్లు ఇద్దరూ ఒకే పాలెంలో ఉన్నారు. వీధిలో ఎదురుపడితే మాట్లాడుకునేవాళ్ళు కారు. మాట్లాడుకునేది ఒక్కచోటే. ఎవరి పెండ్లి ప్రకటన అయినా సరే, మూడో ఆదివారం పంతులు పుస్తకం మూసి బల్ల మీద చేతులు పెట్టగానే, చాపల మీద నుంచి ఎలీషబా లేచి నిలబడేది.

"పంతులూ, నీకేమన్నా తెలుసునా?"

"తెలవదమ్మా."

ఆమె కూర్చునేది. అప్పుడు చెన్నయ్య తాత కీర్తన ఎత్తుకునేవాడు. పెద్దలు మొదట్లో గొణిగారు, తరువాత అలవాటు పడ్డారు. ఆమె అడగకపోతే ప్రకటన పూర్తి కానట్టే ఉండేది మాకు. నా ప్రకటనకు కూడా అడిగింది. పంతులు నా పెండ్లికొడుకు ఊరు పోయి, మూడు రోజులు ఉండి, ఇల్లిల్లూ విచారించి వచ్చి "తెలవదమ్మా" అన్నాడని నాకు తరువాత తెలిసింది. ప్రతి పెండ్లికీ అట్లాగే పోయి వచ్చేవాడట. వెలిగండ్ల అయినా, గిద్దలూరు అయినా, తన కాళ్ళ మీదే.

రెండో పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో, ఒక చలికాలం, ఏబేలు పంతులు జ్వరంతో పోయాడు. పాడె వెంట ఎలీషబా కూడా నడిచింది, అందరికంటే వెనక. కొత్త పంతులు అబ్రహాము అని వచ్చాడు, మంచి కుర్రవాడు. నెల తిరగకుండా మా తమ్ముడి మరదలికి సంబంధం కుదిరింది. మూడో ఆదివారం అబ్రహాము ప్రకటన చదివి, మేం నేర్పినట్టే పుస్తకం మూసి, రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

ఎలీషబా లేచింది. అప్పటికి తల సగం నెరిసింది. "పంతులూ" అంది, అలవాటుగా. బల్ల వెనక నిలబడ్డ కుర్రవాడిని చూసింది. అతను ఏమిటన్నట్టు ఆమె వంక చూశాడు. ఆమె నోరు తెరిచే ఉంది, తరువాతి మాట రాలేదు. గుడి అంతా ఎదురుచూసింది. చెన్నయ్య తాత బాగా ముసలివాడయ్యాడు, అయినా ఈసారి తొందరపడలేదు. నేను ఆమె కొంగు పట్టుకున్నాను. కూర్చోమని లాగలేదు, ఊరకే పట్టుకున్నాను.

"ఎత్తుకో చెన్నయ్య మామా" అంది ఎలీషబా చివరకు, చాలా మెల్లగా. కూర్చుని, తల దించుకుంది.